వదిన చించిన పొత్తిగుడ్డలు

ఫాల్గుణ శుద్ధ దశమి, ఆదివారం. ప్రత్తిపాడులో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, తుళ్లూరు నుంచి వచ్చిన మా చెల్లెలు, మా అమ్మాయి, అమ్మాయి కూతురు, దాని ఒళ్లో ఐదో నెల పాప.

మా వదిన పోయి నెల దాటింది. మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయిన తర్వాత కూడా మా ఇంట్లోనే, వీధివైపు గదిలో ఉండేది. ఇంట్లో పసిబిడ్డ ఉన్న రోజున నేను డైరీలో ఉన్నవారి వరసలో ఆవిడ పేరు రాయకుండా ఉండటం ఇదే మొదలు.

మర్నాడు ఉదయం మనవరాలు పాపను తీసుకుని అద్దంకిలో అత్తారింటికి వెళ్లాలి. కానుపూ పురుడూ గుంటూరులో, మా అమ్మాయి వాళ్ల దగ్గరే. ఒక్క పూట మా ఇంట్లో ఉంచి, సారె పెట్టి పంపుదామని అందరినీ పిలిచాం. భోజనాలయ్యాక మనవరాలు ఒక మాట అడిగింది. వదినను అది పెద్దమ్మమ్మ అనేది.

"పెద్దమ్మమ్మ పెట్టె తెరిచి ఒక చీర ఇవ్వండి తాతయ్యా. పాపకి గుడ్డలు చించుకుంటాను."

తమలపాకుకు సున్నం రాస్తున్న మా చెల్లెలి వేలు ఆగిపోయింది. నా భార్య నా వంక చూసింది.

మా వైపు పసిబిడ్డకు కొత్తబట్ట కట్టరు. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరను చించి పొత్తిగుడ్డలు చేస్తారు. ఆ చీర ఎవరిదైనా పనికిరాదు. పిల్లలు నిలిచిన ముత్తైదువది కావాలి. ఆవిడ కలిమీ ఆయుష్షూ గుడ్డతోపాటు బిడ్డకు వస్తాయని నమ్మకం. వదినకు ముత్తైదువతనం పోయింది. అంతకు చాలా ముందే, పుట్టిన ఒక్క బిడ్డా పోయాడు. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ పొత్తిగుడ్డలు చించింది ఆవిడే. వాటిలో ఒక్కటీ ఆవిడ చీర కాదు.

చీర చించడానికి ఆవిడ కత్తెర ముట్టేది కాదు. అంచును పంటితో చిన్నగా కొరికి, రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగేది. పోగు వెంట తిన్నగా చిరిగేది. కత్తెర పెడితే ఆ చివర బిడ్డ తొడకు గీసుకుంటుందట. రంగు అంచు, పైటకొంగు వేరుగా తీసి పక్కన పెట్టేది; అవి గరుకు. మిగిలిన చీరను మడిచి మడిచి ఒళ్లో పేర్చుకునేది. ఎవరైనా సాయం వస్తే, "నువ్వు పో, నీ లాగుడుకి అది వంకరపోద్ది" అని కసిరేది.

ఆరిన గుడ్డ ప్రతిదాన్నీ పైపెదవికి ఆనించి చూసి గాని మడత పెట్టేది కాదు. మొదట్లో ఇది వట్టి చాదస్తమనుకునేవాణ్ని. మాది మిరప పండే నేల. మాఘ ఫాల్గుణాల్లో ఊరి చుట్టూ కళ్లాలే. కాయ ఆరబోసిన చోటునుంచి గాలి ఎటు కొడితే అటు ఘాటు. ఒక ఏడాది కళ్లానికి ఎదురుగా ఉన్న దండెం మీద మా అమ్మాయి పొత్తిగుడ్డలు ఆరేశారు. అది అప్పుడు పసిది. మధ్యాహ్నమంతా గుక్కపెట్టి ఏడిచింది. పాలు చాలలేదని ఒకరు, కడుపునొప్పి అని ఒకరు అన్నారు. గుడ్డ విప్పి చూస్తే ఒళ్లు ఎర్రగా కందిపోయింది. అప్పటినుంచి వదిన పెదవి దాటకుండా ఏ గుడ్డా బిడ్డ దగ్గరికి పోలేదు.

ఇంట్లో పసిబిడ్డ ఉన్నన్నాళ్లూ ఆవిడ కళ్లం వైపు వెళ్లేది కాదు. మా అన్నయ్యకు ఇది బొత్తిగా నచ్చేది కాదు. తెల్లబడిన తాలుకాయ ఏరే కూలీల దగ్గర ఇంటిమనిషి ఉండాలని ఆయన పట్టు. కొబ్బరినూనె రాసి, మజ్జిగతో కడుక్కుంటే చేతిమంట పోతుంది గదా అనేవాడు.

"నా చేతిమంట పోద్ది. చేతిలో కారం పోదు. అది కడిగితే పోయేది కాదు, రోజులు గడవాల," అనేది ఆవిడ. పసిబిడ్డ ఉన్న ఏడు కళ్లం దగ్గర మేస్త్రీ చెప్పిందే లెక్క. అన్నయ్య గొణుక్కుంటూనే సరిపెట్టుకునేవాడు.

ఆవిడ మరో అలవాటు ఊళ్లో అందరూ ఎరుగుదురు. పొద్దుగూకాక పొత్తిగుడ్డలు ఆరుబయట ఉండకూడదు. సాయంత్రం ఎవరింటికి వెళ్లినా, ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, బాగున్నారా అని అడిగే ముందే "పిల్లగుడ్డలు తీశారా?" అని అడిగేది. బజార్లో ఎదురైన కొత్త తల్లినీ అదే అడిగేది. కుర్రకారు కొందరు ఆవిడ వెనకనుంచి ఆ మాటే అని నవ్వేవాళ్లు. "నవ్వండ్రా, రేపు మీ పెళ్లాలు నీళ్లాడితే నా గుమ్మానికే వస్తారు," అనేది. వచ్చారు కూడా.

అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి. బిడ్డ ఏడుపు వినపడకముందు గుడ్డ చించకూడదు.

దీనికి కారణం మా ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రమే తెలుసు. తొలికానుపుకు వదిన అద్దంకి దగ్గర పుట్టింటికి వెళ్లింది. వెళ్లేటప్పటికే మా అమ్మ చీర ఒకటి, తన చీర ఒకటి చించి, మడిచి, మూట కట్టుకుంది. కొత్త కోడలి ఉత్సాహం. బిడ్డ పురిటి రోజులు దాటలేదు. ముందే చించి పెట్టుకుంది గనకనే అలా అయిందని పుట్టింట్లోనూ అన్నారు, మా ఇంట్లోనూ అన్నారు. మళ్లీ కానుపు రాలేదు. అనడం మానేశాక కూడా ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది.

అందుకే మా ఇంట్లో ఎవరు నొప్పులు పడుతున్నా, వదిన పురిటిగది బయట గోడకు ఆనుకుని, చించని చీర ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎవరు పలకరించినా బదులిచ్చేది కాదు. లోపల్నుంచి ఏడుపు వినపడగానే పరపరమని గుడ్డ చిరిగే చప్పుడు. నా పిల్లలు పుట్టినప్పుడూ, చెల్లెలి పిల్లలు పుట్టినప్పుడూ, నాకు బిడ్డ పుట్టిన కబురు ఆ చప్పుడే చెప్పింది. ఆడో మగో ఆ తర్వాత తెలిసేది.

మనవరాలు అద్దంకిలో ప్రైవేటు స్కూల్లో టీచరు. నెలలు నిండుతున్నప్పుడు ఇక్కడికి వచ్చి, పుట్టబోయే బిడ్డకు ప్యాకెట్ డైపర్లు వాడనని చెప్పింది. వాళ్ల వీధి చివర కాలవ పూడిపోయేది వాటితోనేనట. కుక్కలు లాక్కొచ్చి స్కూలు గేటు ముందు పడేస్తే, పిల్లలు దాటుకుంటూ లోపలికి రావాలి. నా భార్యకు ఇది రుచించలేదు. ప్యాకెట్ వేస్తే బిడ్డా నిద్రపోతుంది, తల్లీ నిద్రపోతుంది కదా అంది. అద్దంకిలో అత్తగారిదీ అదే మాట. అప్పుడు మనవరాలు ఫోనులో ఉతికి వాడుకునే గుడ్డ డైపర్ల బొమ్మలు చూపించింది. పైన ఏనుగుబొమ్మలు, పక్కన నొక్కుడు బొత్తాలు, లోపల మడతపెట్టే మెత్త.

వదిన కళ్లజోడు పెట్టుకుని బొమ్మను పెద్దది చేయించుకుని మరీ చూసింది. "పైన రెయిన్‌కోటు, లోపల తువ్వాలు," అంది. "ఎండ తగలాలంటే దాన్ని రెండుగా విప్పాలే. విప్పొచ్చా?"

విప్పొచ్చని మనవరాలు చెప్పింది.

"అయితే మంచిదే. ఫోనులో ఉంటే ఉండనీ. ఇంటికి మాత్రం ఇప్పుడే తెప్పించకు."

అది నవ్వి, సరే అంది. వదిన మాత్రం నవ్వలేదు. "తెప్పించనని నా చెయ్యి పట్టుకుని చెప్పు," అని చెయ్యి చాపింది. అది చెప్పింది.

కానుపు గుంటూరులో ఒక నర్సింగ్‌హోంలో. వదిన నా భార్య చీర ఒకటి ఒళ్లో పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంది. మనవరాలి భర్త, ఎరువుల కొట్టు కుర్రాడు, ఫోను పట్టుకుని ఆవిడ పక్కనే నిలబడ్డాడు. ఏడుపు వినపడింది. ఆవిడ చీర చించింది. ఆ అబ్బాయి ఫోనులో గుడ్డ డైపర్లకు ఆర్డరు నొక్కాడు. భార్య అలా చెప్పి లోపలికి వెళ్లిందట. నర్సు వచ్చి ఇక్కడ గుడ్డలు చించకూడదమ్మా అంటే, "అయిపోయిందమ్మా, ఇంక ఊడ్చుకో," అంది వదిన. అంత సంతోషంగా ఆవిడను నేను చూడటం అదే ఆఖరు.

పురిటి నీళ్లయ్యాక తల్లీబిడ్డా కొన్నాళ్లు మా ఇంట్లో ఉన్నారు. బొత్తాల డైపర్లు వచ్చాయి. అవి మందం, మంచు పడే రోజుల్లో పొద్దుటికి ఆరేవి కావు. పగలంతా వదిన చించిన గుడ్డలే కట్టేవాళ్లు. ఒకరోజు వరండాలో అందరం కూర్చుని ఉన్నాం. నా భార్య ఇంటివాడకానికి మిరపకాయల తొడిమలు తీస్తోంది. వదిన దూరంగా, గాలి వచ్చే వైపున, పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది. పాప ఆవిడ కొంగును గుప్పిట పట్టి నోట్లో పెట్టుకుంది. ఆవిడ మెల్లగా విడిపించి, కొంగు బొడ్లో దోపుకుంది. పాప మళ్లీ లాగింది. మళ్లీ విడిపించింది.

మనవరాలు అదంతా చూస్తూ కూర్చుంది. "పెద్దమ్మమ్మా, ఈ చీర నాకివ్వండి. ఇంత మెత్తనిది ఇంట్లో ఇంకోటి లేదు. దీన్ని చించుకుంటాను," అంది.

వదిన మొదట నవ్వుతూ దాటేయబోయింది. "నా చీరకి నీళ్లు పీల్చటం రాదులేవే."

"నేను అవన్నీ నమ్మను పెద్దమ్మమ్మా. మీకు తెలుసుగా."

"నువ్వు నమ్మవు. నాకు తెలుసు." పాపను భుజాన వేసుకుని లేచింది. "రేపు దీనికి ఒళ్లు వెచ్చబడిందనుకో. నువ్వు నా వంక చూడవు. మిగతావాళ్లు చూస్తారు. ఒకసారి చూశారమ్మా. ఇంక ఓపిక లేదు."

ఆ మాట అన్నాక కూడా ఆవిడ వెంటనే లోపలికి వెళ్లలేదు. పాప వీపు నిమురుతూ కాసేపు అక్కడే నిలబడింది. మేం ఏమన్నా అంటామేమోనని నిలబడిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఇవ్వు అక్కా అని నా భార్య అనవచ్చు. నేను అనవచ్చు. తొడిమలు తీస్తున్న చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. ఆవిడ లోపలికి వెళ్లింది.

ఆ వారంలోనే వదిన తన పాతచీరలు ముందేసుకుని కూర్చోవడం చూశాను. మెత్తబడినవన్నీ చించేసింది. కొన్ని పచ్చడి జాడీలకు వాసెన కట్టే గుడ్డలయ్యాయి, కొన్ని పొయ్యిగట్టు తుడిచే మసిగుడ్డలయ్యాయి. ఇంకా కట్టుకోవచ్చు కదా అని అడిగితే, "కళ్లెదురుగా ఉంటే అది మళ్లీ అడుగుద్ది అబ్బాయ్," అంది. నాకు డెబ్బై దాటినా ఆవిడకు నేను అబ్బాయినే.

మాఘంలో, మూడురోజుల జ్వరంతో పోయింది. ఒంటిమీది చీర ఒంటితోనే పోయింది. దండెం మీదివి కర్మరోజున ఆనవాయితీ ప్రకారం చాకలామె తీసుకువెళ్లింది. మనవరాలు అప్పుడు గుంటూరులో ఉంది. పసిబిడ్డతో రావద్దని మేమే చెప్పాం.

ఇదంతా అయ్యాక, ఈ ఆదివారం, అది పెట్టె తెరవమంది.

ముందు మాట్లాడింది మా చెల్లెలు. మా చెల్లెలిది పెద్ద గొంతు. తుళ్లూరులో పొలం రాజధానికి ఇచ్చాక ఊరంతా మేడలు లేస్తున్నా దానికి మాట నెమ్మది రాలేదు.

"పోయినావిడ చీర పసిదానికి కడతారటే ఎక్కడన్నా? అందులోనూ..." అని ఆగింది.

"అందులోనూ ఏంటి చిన్నమ్మమ్మా?" అంది మనవరాలు.

చెల్లెలు తమలపాకుల పళ్లెం పక్కకు జరిపింది. మా అమ్మాయి కలగజేసుకుని, గుడ్డలు కావాలంటే తన చీరలు బోలెడున్నాయని, దారిలో గుంటూరులో ఆగి తీసుకోవచ్చని సర్దిచెప్పబోయింది.

"గుడ్డలు లేక కాదమ్మా. ఆవిడదని అడుగుతున్నాను."

నా భార్య మా చెల్లెలి వైపు తిరిగింది. "నీ పిల్లలకి పొత్తిగుడ్డలు చించిందెవరు?"

"వదినే చించింది. కాదన్నానా? నా చీరలే చించింది."

"అదే నేననేది. ఆవిడ చెయ్యి కావాల్సొచ్చింది మనకి." అంతవరకు అని, కొంగుతో ముఖం తుడుచుకుని, పెట్టె తాళం నా చేతిలో పెట్టింది. "తెరవండి. దానికి జలుబొస్తే నా వంక చూడండి."

ఒక్కొక్కరం లేచి వీధిగదిలోకి వెళ్లాం.

పెట్టెలో ఒక్క పాతచీర లేదు. ఉన్నవన్నీ కొత్తవి. ప్రతి బారసాలకూ పురుడు పోసినందుకు మేం వదినకు పెట్టిన నూలుచీరలు, చీరాల నేత, కొట్టువాడి కాగితంతో సహా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెట్టినరోజు పసుపు బొట్టు అలాగే ఉంది. గంజి బిరుసు అలాగే ఉంది. మనవరాలు ఒకటి తీసి పాప చెంపకు ఆనించబోయి, ముందు తన చెంపకు ఆనించుకుంది. మడిచి ఒళ్లో పెట్టుకుంది.

చెల్లెలు వంగి అడుగునుంచి నీలం చీర ఒకటి లాగింది. మడత విప్పింది. కాసేపు అంచు చూసింది. "ఇది నేను పెట్టిందే," అంది. "మా పెద్దాడి బారసాలకి. వాడికి తల నెరిసింది. కట్టుకోనే లేదు." పెట్టె పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. ఎందుకు కట్టుకోలేదో మాలో ఎవరికీ తెలియదు. కొత్తచీర కట్టుకుంటే ఎవరేమంటారోననా, పాతవే చాలుననా, లేక కట్టి మెత్తబరిచినా ఏ బిడ్డకూ పనికిరానప్పుడు కట్టడమెందుకు అనుకుందా. అడగడానికి మనిషి లేదు. "ఇదివ్వండి దానికి," అని మాత్రం అంది చెల్లెలు.

మర్నాడు సోమవారం. ఏడున్నరకు రాహుకాలం, ఆలోగా బయల్దేరాలి. నేను లేచేసరికే చెల్లెలు పెరట్లో ఉంది. గంజి వదలాలని నీలం చీరను పెద్ద బేసిన్‌లో నానబెట్టింది. నీళ్లు సిరా అయ్యాయి. పారబోసి, కల్లుప్పు వేసి మళ్లీ నింపింది. మళ్లీ నీలమే. నా భార్య వెళ్లి కొళాయి తిప్పింది. ఇద్దరూ చీరకట్టు మోకాళ్లదాకా ఎగదోపుకుని, ఒకరి తర్వాత ఒకరు బేసిన్‌లో దిగి తొక్కారు. పాదాలు నీలమయ్యాయి. నీళ్లు మారుస్తూనే ఉన్నారు.

వీధిలో కారు ఆగింది. మనవరాలు పాపను ఎత్తుకుని పెరట్లోకి వచ్చింది. పాపకు ఏనుగుబొమ్మల బొత్తాల డైపరు కట్టి ఉంది.

"తడిదే ఇవ్వు చిన్నమ్మమ్మా. అక్కడ ఆరేసుకుంటాను."

"రంగు ఇట్టా కారేదాన్ని పిల్లకెట్టా కడతావే?"

"ఎప్పటికి ఆగుద్ది?"

చెల్లెలు బేసిన్‌లోనే నిలబడి ఆలోచించింది. "రంగు రెండు మూడు వారాలకి ఆగుద్ది. బిరుసు పోవాలంటే ఎవరో ఒకరు కట్టుకోవాల. కట్టుకుని, ఉతుక్కుని, కట్టుకుని. ఏళ్లు పడుద్ది."

మనవరాలు పాప వంక చూసింది. పాప అప్పటికి నడుస్తుందని, పరిగెడుతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. మా అమ్మాయి గుమ్మంలోంచి టైమైందని పిలిచింది. నా భార్య తడిచేతులు చీరకు తుడుచుకుని పాపకు దిష్టిచుక్క పెట్టింది. కారు కదిలింది.

తర్వాత నా భార్యా చెల్లెలూ చీరకు చెరో కొసా పట్టుకుని పిండి, దండెం మీద ఆరేశారు. అద్దంకి చేరామని ఫోను వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. చీర కిందనున్న సిమెంటు గచ్చు అప్పటికే నీలంగా ఆరిపోయింది. మా చెల్లెలు చీపురూ నీళ్లూ తెచ్చి దాన్ని కడగడం మొదలుపెట్టింది.